పౌడర్ గల్లీలో రాతి ఇల్లు

పెబ్బేరు పశువుల సంతలో కొనేవాడు ముందు ఎద్దు నోరు తెరిచి పళ్లు చూస్తాడు. కొమ్ములకు ఎంత నూనె రాసినా పళ్లు అబద్ధమాడవు. ఇంటికి పళ్లుండవు, అదీ చిక్కు. గద్వాల మట్టికోట గోడకు ఒకసారి చెవి ఆనించి చూశాను. అదీ ఏమీ చెప్పలేదు. గోడ సంగతి కట్టినవాడికే తెలియాలి.

బాబు మియా నలభై ఏళ్లు తాపీ పట్టిన మేస్త్రీ. భార్య బడేబీకి మూత్రపిండాలు చెడ్డాయి. వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి చేయించడానికి పెబ్బేరు నుంచి వనపర్తి దవాఖానకు బస్సులో పోవాలి. తిరుగు ప్రయాణంలో ఆమెకు నిలబడే ఓపిక ఉండదు. తన చేతులతో కట్టుకున్న రాతి ఇల్లు అమ్మి, దవాఖాన పక్కన చిన్న ఇల్లు కొనాలని ఆయన ఆశ.

నిరుడు ఈ రాతి ఇంటి పక్కనున్న పాతింటిని సుదర్శన్ కొన్నాడు. పాత ఇళ్లకు సోకులు చేసి అమ్మడం అతని వ్యాపారం. పని బాబు మియాకే ఇచ్చాడు.

"గోడ పచ్చిగుంది సేటూ. నెలన్న ఎండనియ్యాలె."

"లప్పం పెట్టి రంగెయ్యి మియా. నేనేమన్న అండ్ల ఉంటనా?"

పచ్చి గోడ మీదే తెల్లని లప్పం పూత పెట్టి రంగేశాడు. నాగన్న కుటుంబం కొనుక్కుంది. మొదటి ముసురుకే గోడలు ఉబ్బి, లప్పం పరుపుల మీద రాలింది. నాగన్న పిల్లలు తెల్లని తలలతో బడికి పోతుంటే, ఊరు ఊరుకుంటుందా? పౌడర్ గల్లీ అని పేరు పెట్టింది. ఆ పేరు వినగానే కొనేవాళ్లు మలుపు దగ్గరే వెనుదిరిగేవారు. వచ్చిన ఒకరిద్దరూ సగం ధరకే అడిగారు.

చివరికి పద్మజ టీచర్ వచ్చింది. గోడలు తట్టి చూసి మెచ్చుకుంది.

"ఎవరు కట్టిన్రు తాతా?"

"నేనే టీచరమ్మా!" అన్నాడు, ఛాతీ నిండుగా.

"మరి ఆ పక్కింటి పని?"

బడేబీ ఆయన వంక చూసింది. ఆయన తల దించుకున్నాడు.

"అదీ నేనే. గాని గిది మేం ఉండనీకె కట్టుకున్న..."

టీచర్ చెప్పులు వేసుకుంది. "మంచోళ్లే తాతా. మా ఆయనకు ఏమని చెప్పాలె నేను?"

ఆమె పోయాక బడేబీ అంది, "ఇంకెవరన్న ఒస్తే పక్కింటి సంగతి నేను మాట్లాడ్త. నువ్వు జర బయటికి పో."

"సరే" అన్నాడు బాబు మియా.

ఇప్పటిదాకా ఎవరూ రాలేదు. నిన్న వనపర్తి నుంచి తిరిగొచ్చే బస్సులో ఆమెకు సీటు దొరకలేదు.