ఓడ మీద ఆరబోసిన మిరపకాయలు

చనిపోయిన రోజు పొద్దున పానకాలు ఎద్దులకు కుడితి పెట్టాడు. తొట్టి కడిగి బోర్లించి, చేతులు తుండుగుడ్డకు తుడుచుకుంటూ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. రాఘవమ్మ మజ్జిగ తెచ్చేసరికి గోడకు జారగిలబడి ఉన్నాడు. పిలిస్తే పలకలేదు. అది పంతొమ్మిది వందల అరవై మూడు, మిరప కోతల కాలం.

పెద్దకర్మ నాడు పర్చూరు చుట్టుపక్కల నుంచి వచ్చిన బంధువులు, భోజనాలయ్యాక ఆయన మంచితనం కాసేపు చెప్పుకుని చివరకు ఓడ సంగతికే వచ్చారు. నవ్వారు కూడా. రాఘవమ్మకు కోపం రాలేదు. ఆ ఓడలో భర్త పక్కన ఉన్నది ఆమే.

యాభై అయిదులో మాట. పానకాలు చెల్లెలు పున్నమ్మ రంగూన్‌లో ఉండేది. మొగుడు అక్కడి రేవులో మేస్త్రీ. పెళ్ళయి వెళ్ళాక తొమ్మిదేళ్ళు అన్న మొహం చూడలేదు. వస్తున్నాం, ఏం తెమ్మంటావని జాబు రాస్తే, "మీరొస్తే చాలు" అని జవాబు వచ్చింది.

"అదట్లాగే అంటది. తోబుట్టువు గడప ఉత్త చేతుల్తో తొక్కుతామా?" అన్నాడు పానకాలు. తన చేలో మొదటి కోత కాయ, తాలు ఒక్కటి లేకుండా దగ్గరుండి ఏరించి సంచి నింపి కుట్టాడు. చీరాలలో రైలెక్కింది మొదలు మద్రాసులో ఓడెక్కేదాకా ఆ సంచిని కూలీ చేతికివ్వలేదు.

వాళ్ళది డెక్కు టికెట్టు. చాప పరుచుకున్న చోటే ఇల్లు. రెండో రోజు అల ఒకటి కమ్మీలు దాటి వచ్చి సంచిని తడిపేసింది. మర్నాడు విప్పి చెయ్యి పెడితే లోపల వెచ్చగా తగిలింది. ఇంకో పూట అట్లా ఉంచితే కాయ నల్లబడిపోతుంది.

"ఆరబోస్తా," అన్నాడు.

"ఇంతమంది మధ్యా?"

"గాలి చూడకుండా పోస్తానా? ఎన్నేళ్ళ నుంచి కల్లం చేస్తున్నా!"

చూశాడు కూడా. సంచి పీచు రెండు పోగులు వదిలి, అవి ఎటు పోతాయో కనిపెట్టి, దుమ్ము నేరుగా సముద్రంలోకి పోయే మూల ఏరుకుని దుప్పటి పరిచాడు. మధ్యాహ్నానికి కాయ గలగలమంది. కింద రాలిన గింజా పొట్టూ పోవాలని, కల్లంలో చేసినట్టే, దోసిళ్ళతో ఎత్తి పోయడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే ఓడ దిక్కు మార్చింది.

గాలి వచ్చి జనం మీద పడింది. అన్నాలు తినేవాళ్ళు కంచాలు వదిలి లేచారు. పిల్లలు ఏడ్చారు. తిట్టడానికి పరుగెత్తుకొచ్చిన ఓడ ఆఫీసరు తిట్టు మధ్యలోనే ఏడెనిమిది సార్లు తుమ్మాడు. రైల్లో పరిచయమైన చీరాల లుంగీల వ్యాపారి నాగూర్ వలి, కళ్ళనీళ్ళు కారుతుండగా అరిచాడు:

"ఏమయ్యా పానకాలూ! నీ కల్లం తిరగదు, ఓడ తిరుగుద్దయ్యా!"

ఖలాసీలు నీళ్ళగొట్టంతో కాయనంతా సముద్రంలోకి నెట్టేశారు. ఓడ వెనక ఎర్రటి చార చాలా దూరం తేలుతూ వచ్చింది. పానకాలు కమ్మీ పట్టుకుని అది కనబడకుండా పోయేదాకా నిలబడ్డాడు. రాఘవమ్మ చెంబుతో చాప చాపకూ వెళ్ళి, మొహాలు కడుక్కోమని నీళ్ళు పోసింది.

రంగూన్ రేవులో చెల్లెలి ముందు ఆయన ఉత్త చేతుల్తో నిలబడ్డాడు. రాఘవమ్మే చెప్పింది. పున్నమ్మ పగలబడి నవ్వి, "పోనీలే అన్నయ్యా, నువ్వొచ్చావుగా!" అంది. మర్యాదకు అంటోందనుకున్నాడు. ఊరికి తిరిగొచ్చాక మళ్ళీ ఓడ ఎక్కలేదు. మరుసటేటి నుంచి, రంగూన్ వెళ్ళేవాళ్ళు ఎవరున్నారో కనుక్కుని, మొదటి కోత సంచి వాళ్ళతో పంపేవాడు. "కాయ అందింది" అన్న జాబు వచ్చేదాకా ఏటా ఒకటే కంగారు.

అరవై నాలుగులో బర్మా నుంచి మనవాళ్ళను పంపించేసినప్పుడు పున్నమ్మ కుటుంబం ఇక్కడికే వచ్చింది. మొదటి పూట రాఘవమ్మ పండుమిరప పచ్చడి వేయబోతే ఆమె విస్తరికి చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు కారం పడదు వదినా. కడుపులో పుండు. డాక్టరు మాన్పించాడు. చెబితే అన్నయ్య చిన్నబుచ్చుకుంటాడని చెప్పలేదు. వచ్చిన కాయంతా ఇరుగుపొరుగుకు పెట్టేదాన్ని."

"ఎప్పటి నుంచి?"

"మీరు ఓడెక్కి వచ్చేనాటికే నాలుగేళ్ళు."