రెండు పేపర్లు, ఒక మనిషి

మా సోషల్ టీచర్ గారు పోయారన్న సంగతి పాత విద్యార్థుల గ్రూపులో చూశాను. అప్పటికే ఖననం కూడా అయిపోయిందట. దణ్ణం పెట్టే చేతుల బొమ్మలు వరుసగా వస్తున్నాయి. నేనేమీ పెట్టలేదు. పొయ్యి మీద కూర దించి, బాక్సు సర్దుకుని ఆఫీసుకు వెళ్లిపోయాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

మర్నాడు రెండు పేపర్లలో చిన్న వార్త వచ్చింది. ఒకదాంట్లో 'విశ్రాంత హిందీ ఉపాధ్యాయిని' అన్నారు. ముస్లిం పేరు చూసి హిందీ అనుకుని ఉంటారు. రెండోదాంట్లో సోషల్ అనే రాశారు గానీ, గుణదలలో మరణించారన్నారు. నాకు తెలిసి ఆవిడ ఇల్లు భవానీపురం. ఇంతలో గ్రూపువాళ్లు ఆవిడ గురించి నన్ను నాలుగు మాటలు రాయమన్నారు. చేతులాడలేదు. ఆవిడ గురించే తప్పు రాస్తే ఇంక నేను ఆవిడ దగ్గర చదువుకున్నదేమిటి?

"రెండు పేపర్లు చదవండి, ఒక మనిషిని అడగండి. ఆ తర్వాతే పెన్ను తియ్యండి." రిపోర్టు ఏదైనా ఆవిడ మాట ఇదే. నోట్సులో ఎడమవైపు పేపరు ముక్కలు అంటించాలి. కుడివైపు మేం స్వయంగా కనుక్కున్నది రాయాలి. మా ఇంటికి ఒక్క పేపరూ రాదు మేడమ్ అంటే, "బజ్జీల బండివాడు పొట్లాలకి వాడతాడుగా, అడుగు" అనేవారు. నా నోట్సులో సగం వార్తలకు నూనె మరకలుండేవి.

తొమ్మిదో తరగతిలో కొండపల్లి బొమ్మల మీద రిపోర్టు రాసి, పేపర్లో ఉన్నదంతా అందంగా దించేశాను. ఆవిడ చదివి, "బాగుంది. కొండపల్లికి బస్సు లేదా?" అన్నారు. ఆదివారం నాన్నతో వెళ్లాను. పేపరు ఫొటోలో ఉన్నాయన దొరికాడు. కింద వేసిన పేరు ఆయనది కాదు.

"నన్నెవరూ అడగలేదమ్మా" అని నవ్వి, ఏనుగుకి రంగు వేసుకుంటూ కూర్చున్నాడు.

మర్నాడు కోపంతో ఊగిపోతూ స్కూలుకొచ్చి, ఆ ముక్క చింపేస్తానన్నాను.

"చింపకు. తప్పుదైనా ఎడమవైపు ఉండనీ. వాళ్లకి సాయంత్రానికల్లా అచ్చవ్వాలి, నీకు సోమవారం దాకా టైము దొరికింది" అన్నారు టీచర్ గారు.

అందుకే ఈ ఆదివారం భవానీపురం వెళ్లాను. ఆవిడ భర్త తలుపు తీశారు. ఎదురుగా కూర్చున్నాను. భార్య పోయిన మనిషిని మీ ఆవిడ ఏం పాఠం చెప్పేవారని అడుగుతామా? పేపర్లు నా ఒళ్లోనే ఉన్నాయి. ఆయనే చూశారు.

"హిందీ అంట! హిందీ సినిమా పెడితే నిద్రపోయేది" అన్నారు.

"గుణదల కూడా తప్పే కదా అంకుల్?"

"కాదమ్మా. మా అమ్మాయి ఇల్లు గుణదలలోనే. చూడ్డానికెళ్లింది. అక్కడే పోయింది."

నేను తప్పని కొట్టేసి రాసి ఉండేదాన్ని. అడిగాను కాబట్టి సరిపోయింది. టీచర్ గారు ఉంటే ఒక చూపు చూసేవారు.

ఆయన లోపల్నుంచి ఆవిడ నోట్సు ఒకటి, గమ్ము సీసా, కత్తెర తెచ్చారు. రెండు వార్తలూ కత్తిరించి ఎడమవైపు అంటించాను. కుడివైపు రాశాను: సోషల్ టీచర్. ఇల్లు భవానీపురం. పోయింది గుణదలలో, కూతురింట్లో.

"చెప్పింది నేనని రాయి. అడిగింది నువ్వని రాయి. లేకపోతే మార్కులెయ్యదు" అన్నారు ఆయన.

రాశాను. గమ్ము ఆరేదాకా నోట్సు మూయకూడదని ఆవిడ చెప్పేవారు. ఆవిడ కుర్చీలో తెరిచి పెట్టాం. ఫ్యాను గాలికి పేజీ లేస్తుంటే ఆయన కత్తెర తీసి దాని మీద పెట్టారు.