కనుమ మీద నైవేద్యం

మా ఆయనకు నడకంటే గిట్టదు. అమెరికాలోని బాతెల్‌లో మా ఇంటి ముందున్న మెయిల్‌బాక్స్ దాకా వెళ్ళాలన్నా వర్షం వంక పెట్టి మర్నాటికి వాయిదా వేసే మనిషి. మా ఊళ్ళో వర్షానికి కొదవేముంది? అలాంటి మనిషి ఎనభైల మొదట్లో ఒక అక్టోబరులో బయల్దేరి, మూడు వారాలకు పైగా నా వెనకాలే నేపాల్ కొండల్లో నడిచారు. ఎందుకు నడిచారో నాకు దాదాపు చివరిదాకా తెలియలేదు.

అంతకు ముందు ఏడాది నాకు రొమ్ములో గడ్డ తీశారు. ఆపరేషన్, ఆ తర్వాత మందులు, జుట్టు ఊడటం, మళ్ళీ మొలవటం, అన్నీ అయ్యాయి. చివరికి డాక్టరు “ఇప్పటికి క్లియర్” అన్నాడు. మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్ళు. నాకు బతకాలని ఉండేది. దాంతోపాటు నన్ను చూడగానే అందరూ గొంతు తగ్గించి మాట్లాడటం ఆగిపోవాలనీ ఉండేది. మా ఆయనైతే మరీను. నేను గిన్నె ఎత్తితే పరిగెత్తుకొచ్చేవారు, నిద్రలో దగ్గితే లేచి కూర్చునేవారు. అంత ప్రేమను భరించడం కూడా కష్టమే. మంచిగా చెప్పలేక కసురుకునేదాన్ని.

నాతో మామూలుగా ఉన్నది మా పక్కింటావిడ ఒక్కతే. అరవై దాటిన అమెరికన్, రిటైరైన స్కూలు టీచరు. “బూట్లు వేసుకుని రా, కబుర్లు దారిలో చెప్పుకుందాం” అని లాక్కెళ్ళేది. మొదట మా వీధి చివరిదాకా, తర్వాత ఏటి ఒడ్డున, వేసవి వచ్చేసరికి కాస్కేడ్ కొండల మీదికి. ఆవిడ నలుగురైదుగురు స్నేహితులతో కలిసి నేపాల్లో అన్నపూర్ణ కొండల చుట్టూ నడవబోతోందని తెలిసి, నేనూ వస్తానన్నాను. ఆ మాట భోజనాల దగ్గర మా ఆయనకు చెప్పాను. ఆ శనివారం ఆయన షాపుకి వెళ్ళి తనకూ ఒక జత బూట్లు కొనుక్కొచ్చారు.

“మీరెందుకండీ? మీకు పార్కింగ్ లాట్ దాటితేనే ఆయాసం.”

“వెకేషన్ మిగిలిపోయింది. లీవ్ అప్లై చేసేశాను.”

అప్పట్లో మా చుట్టుపక్కల ఉన్న తెలుగు కుటుంబాలు ఓ ఇంటి బేస్‌మెంట్‌లో సరిపోయేవి. తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లో మా ప్రయాణం సంగతి తెలిసి అందరూ నన్ను పిచ్చిదానిలా చూశారు. “హాయిగా ఇంట్లో రెస్ట్ తీసుకోక, గుడారాల్లో ఆ పడక ఏంటమ్మా?” అన్నారు. ఇంతలో ఒకావిడ, “ఆ కొండ దాటితే ముక్తినాథ్ ఉందటగా? సాలగ్రామాలు పుట్టేచోటు!” అంది. అంతే, క్షణంలో నా పిచ్చి కాస్తా పుణ్యమైపోయింది. అమ్మాయిని నేను చూసుకుంటానంటే నేను చూసుకుంటానని ఆంటీలు పోటీపడ్డారు. పప్పన్నం ప్లేటు పట్టుకుని మూల నిలబడ్డ మా ఆయన ఆ మాట విన్నారని నాకు గుర్తుంది. దేవుడి సంగతి ఎత్తితే నవ్వి ఊరుకునే ఇంజనీరు కదా అని నేనేమీ పట్టించుకోలేదు.

కొండల్లో మొదటి వారం వరిచేలు, అరటిచెట్లు. మా ఆయన చేల గట్ల మీద కూర్చుని కాళ్ళు పిసుక్కుంటుంటే నాకు లోపల్లోపల సంతోషంగానే ఉండేది. నా జబ్బు తప్ప ఇంకొకటి ఆలోచించడానికి ఆయనకు దొరికింది. తర్వాత లోయ ఇరుకై, దేవదారు అడవులు వచ్చాయి. అవీ తగ్గిపోయాక బౌద్ధుల ఊళ్ళు మొదలయ్యాయి. మట్టి మిద్దెలు, మిద్దెల మీద ఎండబెట్టిన గడ్డి, ప్రతి కప్పు మీదా గాలికి చిరిగిన ప్రార్థన జెండాలు. ఊరి మొదట్లో మంత్రాలు చెక్కిన రాళ్ళను పొడుగ్గా గోడలా పేర్చి ఉంచుతారు. ఆ గోడ మన కుడిచేతి వైపు ఉండేలా నడవాలని మా గైడు అమెరికన్లకు చెప్పి చెప్పి అలిసిపోయేవాడు. మాకు చెప్పే పనిలేదు. ప్రదక్షిణం ఎటు చెయ్యాలో కాళ్ళకే తెలుసు. ఆశ్చర్యం ఏమిటంటే, అమెరికాలో గుడికి రమ్మంటే కార్లో కూర్చుంటాననే మా ఆయన ఒక్క గోడనూ వదలకుండా, కనబడ్డ ప్రతి ప్రార్థన చక్రాన్నీ తిప్పుతూ నడిచారు. గాలి పల్చబడి బుర్ర పనిచేయటం లేదేమో అనుకున్నాను.

నాకు మాత్రం బుర్ర తేటపడింది. ఇంటి దగ్గర నా రోజులన్నీ ఒక చెకప్ నుంచి ఇంకో చెకప్‌కి నడిచేవి. ఇక్కడ ఈ ఊరి నుంచి పై ఊరికి నడుస్తున్నాను. బార్లీ కోసుకుంటున్న ఆడవాళ్ళు తలెత్తి నన్ను చూసి నవ్వేవారు. వాళ్ళకు నేను జబ్బు మనిషిని కాను, కొంగు బదులు టోపీ పెట్టుకున్న ఓ వింత మనిషిని. మంచు కొండల కింద గుడారం ముందు కూర్చుని ఒకరోజు బాగా ఏడ్చాను. బాధతో కాదు. నా ఒళ్ళు మళ్ళీ నా చేతికి వచ్చినట్టు అనిపించింది.

ఎత్తుకు అలవాటు పడటానికి మనాంగ్ అనే ఊళ్ళో ఆగి, అక్కణ్ణుంచి మెల్లగా, ఆ కొండ దాటించే కనుమ కిందికి చేరాం. కనుమ దాటే రోజు తెల్లవారకముందే లేచాం. ఆ కనుమ పదిహేడు వేల అడుగులు దాటి ఉంటుంది. ఎక్కి, అవతల పక్క నిట్టనిలువునా దిగితే ముక్తినాథ్. మధ్యలో ఊరు లేదు, నీడ లేదు. గంజిలాంటి ఓట్‌మీల్ ఇస్తే మా ఆయన వద్దన్నారు. అంతకు ముందు సాయంత్రం కూడా సూపు పక్కన పెట్టేశారు. ఆ ఎత్తులో ఎవరికీ సరిగ్గా ఆకలి వెయ్యదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

ఎక్కుతూ ఎక్కుతూ ఆయన వెనకబడ్డారు. మేం పైకి చేరి, మిగతావాళ్ళు అవతలికి దిగిపోయాక చాలాసేపటికి వచ్చి, వచ్చీరాగానే మంచులో కూలబడ్డారు. కనుమ మీద రాళ్ళు కుప్పగా పేర్చి, దాని నిండా జెండాలు కట్టి ఉన్నాయి. ఆయన ఆ గుట్టకు వీపు ఆనించి కళ్ళు మూసుకున్నారు. పెదాలు నల్లబడ్డాయి. పక్కింటావిడ వచ్చి ఆయన్ని లేపి, ఒక పాదం ముందు ఒక పాదం పెట్టి తిన్నగా నడవమంది. ఎత్తు జబ్బు తలకెక్కితే అలా నడవలేరట. ఆయన వణుకుతూనే అయినా తిన్నగానే నడిచారు. తలనొప్పి లేదు, వాంతి లేదు.

“మరి ఎప్పుడు తిన్నావు?” అంది ఆవిడ.

ఆయన నా వైపు చూశారు. గైడు పడమటి వైపు కమ్ముకుంటున్న మబ్బు చూపించి, తొందరగా తినిపించి దింపకపోతే కష్టం, ఇక్కణ్ణుంచి మనిషిని మోసుకుని దిగడం అయ్యే పని కాదు అన్నాడు.

“ఏమండీ, ఏంటిది?” అన్నాను.

“మొక్కుకున్నాను. బయల్దేరే ముందు నీకు చెకప్ అయ్యింది చూడు, ఆ రోజు హాస్పిటల్ పార్కింగ్ లాట్‌లో. ముక్తినాథ్ దర్శనం అయ్యేదాకా, కనుమ ఎక్కే ముందు సాయంత్రం నుంచి, మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టనని.”

నేను ఒంటికాలి మీద లేచాను. “నన్ను బతికించమని మొక్కుకుని మీరిక్కడ చస్తారా? పిల్లకి నేనేం చెప్పుకోను? పదేళ్ళుగా గుడి మెట్టెక్కని మనిషికి ఈ కొండ మీద గుర్తొచ్చాడా దేవుడు?”

“ఇప్పుడు తింటే మొక్కు చెడుతుంది. చెడితే నీకు...” అని ఆగిపోయారు.

నా కోపం అక్కడే ఆగిపోయింది. ఆయనకు తన ఆకలి గురించి బెంగ లేదు. తను ఒక ముక్క మింగితే అది నా ప్రాణం మీదికొస్తుందని నిజంగా భయపడుతున్నారు. లెక్కలతో వంతెనలు కట్టే మనిషి, పసిపిల్లాడిలా పళ్ళు బిగించి కూర్చున్నారు. తినమని నేను బతిమాలాను. పక్కింటావిడ బెదిరించింది. ససేమిరా అన్నారు.

అప్పుడు నాకు మా అమ్మ వంటింటి తెలివి వచ్చింది. పక్కింటావిడను అడిగి బాదంపప్పుల చాక్లెట్ తీసుకున్నాను. చేతి తొడుగులు విప్పి, కాగితం ఒలిచి, ఆ రాళ్ళ గుట్ట మీద జెండాల మధ్య పెట్టాను. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. నీళ్ళ సీసా మూతతో చుట్టూ నీళ్ళు తిప్పి, కళ్ళు మూసుకుని, గుర్తున్న రెండు శ్లోకాలూ చదివాను. తర్వాత గుట్ట చుట్టూ ప్రదక్షిణం మొదలుపెట్టాను. ఏం జరుగుతోందో అడగకుండానే పక్కింటావిడ నా వెనకాల నడిచింది, ఆవిడ వెనక గైడు. మూడు చుట్లు తిరిగేసరికి నాకు ఊపిరాడలేదు. చాక్లెట్ తెచ్చి ఆయన ముందు పట్టుకున్నాను.

“ప్రసాదం. తీసుకోండి.”

“ఇక్కడున్నది బుద్ధుడు కదే.”

“ముక్తినాథుడు ఎవరు? విష్ణుమూర్తి. బుద్ధుడెవరు? ఆయన అవతారమే. కింద గుళ్ళో కూర్చున్నాయనే పైకొచ్చి ఎదురుపడ్డాడు. దర్శనం అయిపోయింది, మొక్కు తీరిపోయింది. ఇప్పుడు ప్రసాదం వద్దంటే అసలు పాపం అదీ.”

నేను చెప్పింది నమ్మారో, నన్ను నమ్మారో నాకు తెలియదు. రెండు చేతులూ దోసిలి పట్టి తీసుకుని, కళ్ళకద్దుకుని, ఒక ముక్క విరిచి నోట్లో వేసుకున్నారు. తర్వాత ఇంకో ముక్క. పక్కింటావిడ జేబుల్లో ఉన్న చీజ్, బిస్కెట్లు అన్నీ ఒక్కొక్కటిగా ఆ రాళ్ళ మీద పెట్టి తీసి మరీ ఇచ్చింది. ఆవిడకు పద్ధతి అర్థమైపోయింది.

దిగటం మోకాళ్ళకు శిక్ష. మబ్బు మా వెంటే దిగింది గానీ మంచు కురవలేదు. సాయంత్రపు వెలుగు ఇంకా ఉండగా ముక్తినాథ్ చేరాం. గుడి చిన్నది. తలుపు తీసిపెట్టేది ఒక బౌద్ధ సన్యాసిని. గుడి వెనక గోడకు వరసగా ఉన్న ధారల నీళ్ళు ఇద్దరం నెత్తిన చల్లుకున్నాం, గజగజ వణికాం. ఆయన లోపల దణ్ణం పెట్టుకుని వచ్చి అరుగు మీద నా పక్కన కూర్చుని బూట్లు తొడుక్కుంటున్నారు.

“ఇంతకీ మొక్కులో ఏమని అడిగారు?” అన్నాను.

“అమ్మాయి కాలేజీకి వెళ్ళేదాకా నువ్వుండాలని.”

“అంతేనా?”

“మరీ ఎక్కువ అడిగితే బాగుండదని...” అన్నారు, ఆఫీసులో ఎక్స్‌టెన్షన్ అడిగే గొంతుతో.

నాకు నవ్వొచ్చింది. “అమ్మాయి వెళ్ళిపోయాక ఆ ఇంట్లో మీరొక్కరూ ఏం చేస్తారు?”

ఆయన బూటు తాడు ముడి వేస్తూ ఆగిపోయారు. ఆపరేషన్ రోజు కూడా ఏడవని మనిషి తల వంచుకుని ఏడ్చారు. “అది నా కోసం అడగడం అవుతుంది. సిగ్గనిపించింది” అన్నారు.

“లేవండి. లోపలికి వెళ్ళి సిగ్గుపడకుండా అడిగి రండి.”

ఆయన మళ్ళీ బూట్లు విప్పి లోపలికి వెళ్ళారు. చీకటి పడుతోంది, సన్యాసిని తలుపు వెయ్యడానికి తాళంకప్ప పట్టుకుని వచ్చింది. నేను లేచి అడ్డం నిలబడి, కాసేపు ఆగమని ఆవిడకు చేత్తో సైగ చేశాను.