దీపం కొండెక్కిందన్న మాట

అతను ఎవరికీ సైగలు చేయలేదు. ఒమన్‌లో శత్రువులకు దీపం చూపించి పట్టుబడ్డాడని మా వైపు ఊళ్లలో చెప్పుకునేది అబద్ధం. ఆ అబద్ధానికి కారణం నేను.

డెబ్భైల మొదట్లో మేమిద్దరం సలాలా దగ్గర ఒక విమానాశ్రయంలో కూలిపని చేసేవాళ్లం. ఎదురుగా కొండలు, వాటిలో తిరుగుబాటుదారులు. పొద్దు గూకగానే గుండ్లు పడేవి. ఇసుక బస్తాల చాటున ఒకరి మీద ఒకరం పడి ముడుచుకునేవాళ్లం. పారిపోదామంటే పాస్‌పోర్టులు కంపెనీ దగ్గర ఉన్నాయి.

మా పైన ఒక ముసలి తెల్ల ఇంజనీరు ఉండేవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్ విమానాల్లో తిరిగి, తర్వాత ఇండియాలో ఉండి హిందీ నేర్చుకున్నాడు. చీకట్లో సిగరెట్ ముట్టించినా మీద పడి తిట్టేవాడు. ఎందుకని ఒకసారి అడిగితే చెప్పాడు. రాత్రిపూట శత్రువు ఫైటర్లు వెనక నుంచి వచ్చి వీళ్లను కూల్చేవట. రాడార్లను మోసం చేయడానికి వీళ్లు వెండికాగితం పీలికలను కట్టలు కట్టలుగా ఆకాశంలో వదిలేవాళ్లట. ఫైటర్ దగ్గరికొస్తే చెవిలో టిక్కుటిక్కుమనే పెట్టె కూడా ఒకటి ఇచ్చారట.

"దాన్ని అమ్మలా నమ్ముకున్నాం. ఆ పెట్టె నుంచి వచ్చే తరంగాలను పట్టుకునే వాళ్లు మా మీదికొస్తున్నారని తర్వాత తెలిసింది. పీకెయ్యమని ఆర్డరొస్తే కొందరు ఒప్పుకోలేదు" అన్నాడు.

రూమ్‌లో నా పక్క మంచం, నాతోపాటు కూలికొచ్చిన అతనిది. ఊళ్లో అతని భార్యకు నెలలు నిండాయి. అంతకుముందు ఇద్దరు పిల్లలు పుట్టీ పుట్టగానే పోయారు. అందుకని రోజూ సాయంత్రం పాలడబ్బా మూతలో వత్తి వేసి, కిటికీకి గోనెపట్టా కట్టి, దీపం పెట్టేవాడు.

"ఆర్పెయ్ అన్నా, సాబ్ చూస్తే సంపుతడు."

"గా మాట అనకు తమ్మీ. కొండెక్కియ్యి అనాలె."

"కొండ మీదున్నోళ్లు మనల్నే ఎక్కిచ్చేటట్టున్నరు పైకి."

"నీ నోట్ల మన్నువడ!" అని నవ్వి, కొత్తిమీర కాడతో వత్తిని నొక్కేవాడు. దీపాన్ని పువ్వుతో ఆర్పాలి గానీ నోటితో ఊదకూడదు. అక్కడ పువ్వులెక్కడివి?

ఒక సాయంత్రం గుండు మా రూమ్ వెనకే పడింది. రేకులు లేచిపోయాయి. పొగలో ఎవరెక్కడున్నారో తెలియడం లేదు. ఇంజనీరు సిపాయిలతో పరుగెత్తుకొచ్చాడు. మా వైపు వెలుతురు కనబడిందని ఎవరో చెప్పారట. నా భుజం పట్టి కుదుపుతూ "దియా కహాఁ హై? దీపమెక్కడ?" అని అరిచాడు.

దీపం అప్పటికే ఆరిపోయింది. హిందీలో 'బుఝ్ గయా' అంటే సరిపోయేది. కానీ దీపం పెట్టిన అతను పక్కనే నిలబడి నా నోటి వంకే చూస్తున్నాడు. పురుడు ఇవాళో రేపో. అతనికి హిందీ పెద్దగా రాకపోయినా ఆ ముక్క మాత్రం తెలుసు. అతని ముందు అనలేక, మన మాటనే హిందీలోకి మార్చి "పహాడ్ పే చఢ్ గయా సాబ్" అన్నాను.

దీపం కొండ మీదికి వెళ్లిందని ఇంజనీరుకు అర్థమైంది. "ఎవరు తీసుకెళ్లారు? ఎవరి కోసం?" అన్నాడు. ఈలోగా ఒక సిపాయి నా పక్కనున్న అతని వేళ్లకున్న మసి చూశాడు.

"ఏమన్నవ్‌రా? నన్నెందుకు గుంజుతున్నరు? చెప్పు తమ్మీ, జెర చెప్పు!"

నేను రెండడుగులు వెనక్కి జరిగాను. అప్పుడంటే భయమనుకుందాం. మర్నాడు ఇంజనీరు నన్ను కూర్చోబెట్టి, శాంతంగా మళ్లీ అడిగాడు. దీపం సంగతి నాకూ తెలుసంటే నన్నూ పట్టుకుపోతారు. "మాలూమ్ నహీఁ" అన్నాను. అతణ్ణి కట్టుబట్టలతో ఇండియా విమానమెక్కించారు.

ఈసారి బిడ్డ దక్కింది. అతని మాట మాత్రం ఊళ్లో ఎవరూ నమ్మలేదు. 'సీఐడీ' అని పేరు పెట్టారు.

ఇన్నేళ్లకు మొన్న అతని ఊరి హోటల్‌కు వెళ్లి, అతనూ ఉండగా నలుగురి ముందు జరిగింది జరిగినట్టు చెప్పాను. "ఏం సీఐడీ, సాక్షిని బాగనే పట్టుకొచ్చినవ్!" అని ఒకడు నవ్వాడు.

అతను నవ్వలేదు.

"వీళ్లకెందుకు చెప్తున్నవ్?" అన్నాడు. "నిజం చెప్పుమని నా పెండ్లాం సచ్చేదాక అడిగింది. గప్పుడు రాకపోతివి."