పెంకుల సందులోంచి పడ్డ గ్రహణం

హెల్మెట్ కింద మేం తలకి తొడుక్కునే నూలు టోపీ చెమటకి తడిస్తే ఒక వాసన వస్తుంది, పెట్టెలో ముక్కిపోయిన పాత నేతచీర వాసన. శిక్షణలో నా తోటివాళ్ళు ఆ టోపీ పెట్టుకుని నవ్వుతూ ఫొటోలు దిగేవారు, నాకేమో గుండె దడదడలాడేది. అంతరిక్షానికి వెళ్ళొచ్చిన ధైర్యవంతురాలినని ఇప్పుడు దండలేస్తున్నారు గానీ, నా అంత పిరికిది నర్సీపట్నంలో ఇంకొకతి పుట్టి ఉండదు.

ఎనభైలో సూర్యగ్రహణం వచ్చిన ఫిబ్రవరి నాటికి నాకు తొమ్మిదేళ్ళు. గొలుగొండ వైపు నుంచి చెరుకు బళ్ళు వస్తుంటే వెనకాల పరిగెత్తి గడలు లాక్కుని, పళ్ళతో చీల్చి, మూతి నిండా జిగురుతో ఇళ్ళు చేరేవాళ్ళం, సాయంత్రమయ్యేసరికి గానుగల దగ్గర కాగే బెల్లం వాసన మా వీధిదాకా వచ్చేది. ఆ వారం మాత్రం ఎవరి నోట విన్నా గ్రహణమే. మా అమ్మ చెల్లెలు, సుందరి పిన్ని, తొలి కాన్పుకి అమ్మమ్మగారింటికి వచ్చి ఉంది, ఏడో నెల. గ్రహణం పడితే బిడ్డ పెదవి చీలి పుడుతుందని, దాన్నే గ్రహణం మొర్రి అంటారని అమ్మమ్మ రోజుకి పదిసార్లు చెప్పేది.

ఆ రోజు తెల్లారకముందే వంటయిపోయింది. ఆవకాయ జాడీల మీదా నీళ్ళ బిందెల మీదా దర్భలు పడ్డాయి. పిన్ని నడింట్లో చాప మీద తిన్నగా పడుకోవాలి, గోక్కోకూడదు, వేలు కూడా ముడవకూడదు. పెంకుల సందుల్లో పాత చీరపీలికలు కుక్కే పని, అటకెక్కగలిగేది నేనొక్కదాన్నే కాబట్టి నాకు పడింది. "కన్నాలన్నీ మూసీసేవేటే గుంటా?" అని కిందనుంచి అమ్మమ్మ అడిగితే మూసీసేనన్నాను. ఒకటి మూయలేదు. రోజూ మధ్యాహ్నం దానిలోంచి గచ్చు మీద అర్ధరూపాయంత గుండ్రంగా ఎండ పడేది, ఇవాళ అదేమవుతుందో చూడాలని నా పాడు కోరిక.

తలుపులన్నీ మూశాక ఉక్కగా, ముక్కిన వాసనగా ఉంది గది. అమ్మమ్మ పెరటిగదిలో జపం చేసుకుంటోంది, పిన్ని కదలకుండా చూడమని నన్ను కాపలా పెట్టారు. గచ్చు మీది వెలుతురుని ఎవరో అప్పడం కొరికినట్టు కొరుకుతూ వచ్చారు. నాకు భలే సరదా వేసింది. సరదా ఎంతసేపులే, ఆ కొరికిన ముక్క మెల్లగా జరిగి చాప అంచు ఎక్కింది, చీర కుచ్చెళ్ళు దాటింది, తిన్నగా పిన్ని పొట్ట మీదకి వచ్చి కూచుంది. అరిస్తే నా అబద్ధం బయటపడుతుంది. చెయ్యి అడ్డం పెట్టాను. నెలవంకంత వెలుగు నా అరచేతి వెనక పడింది. బయట కాకులు గూళ్ళకి పోతున్నాయి, వీధిలో మనిషి అలికిడి లేదు, చెయ్యి లాగేస్తోంది, ఈ చెయ్యి రేపటికి పడిపోతుందేమోనని ఏడుపొస్తోంది. పిన్ని కళ్ళు మూసుకునే ఉంది.

జీడిమామిడి పళ్ళ రోజుల్లో పిన్నికి కొడుకు పుట్టాడు. నర్సు గుడ్డ తొలగించి చూపించింది. పైపెదవి ముక్కుదాకా చీలి ఉంది. పిన్ని గోడవైపు తిరిగిపోయింది. నేను పెరట్లో బట్టలుతికే బండ వెనక నక్కి వాంతి చేసుకున్నాను. వాడికి విశాఖలో కుట్లు వేయించారు, మీసం వచ్చాక మచ్చ కనపడలేదు. నేనెవరికీ చెప్పలేదు.

ఫిజిక్స్ చదివాను. సూర్యుడి జోలికి పోకుండా గెలాక్సీలు పట్టుకున్నాను. అంత దూరపువి ఎందుకని అడిగితే గొప్ప గొప్ప కబుర్లు చెప్పేదాన్ని గానీ, వాటి వెలుగు ఎవరి పొట్ట మీదా పడదన్నదే అసలు కారణం. ఆ పనిలో ఇరవై ఏళ్ళయ్యాక వ్యోమగాముల్ని తీసుకుంటున్నారంటే, దాక్కుని దాక్కుని విసుగెత్తి దరఖాస్తు పెట్టాను. పైకెళ్ళాక ఒక గ్రహణాన్ని పైనుంచి చూశాను. మేఘాల మీద మసిమరకలా నీడ జరిగిపోతోంది. దాని కింద ఏ ఇంట్లో ఎవరు కదలకుండా పడుకున్నారో అనిపించి చూపు తిప్పేసుకున్నాను.

మొన్న ఊరెళ్ళాను. పెంకుటిల్లు పోయి శ్లాబు పడింది, చెరుకు బళ్ళ జాడ లేదు, పిన్నికి డెబ్భై దాటాయి. కాఫీ చల్లారిపోతున్నా తాగకుండా జరిగిందంతా చెప్పేశాను.

"నాకు తెల్సే," అంది పిన్ని. "నేను మెలకువగానే ఉన్నాను. నీ సేతి మీద ఆ ఎలుగు ముద్దొచ్చి, రెప్పల సందులోంచి సూసేను. అలా సూసినందుకే, నా వల్లే నా కొడుకు పెదవి అలాగైందని ఇన్నేళ్ళూ కుళ్ళిపోయాను."

అలా కాదు పిన్నీ, కడుపులో బిడ్డ పెదవి రెండో నెల దాటకుండానే అతుక్కుంటుంది, గ్రహణం నాటికి నీకు ఏడో నెల, అదెవరి తప్పూ కాదని గబగబా చెప్పాను.

"నీకిది ఎప్పుడు తెల్సిందే?" అంది.

రాకెట్ కింద మంట అంటుకున్నప్పుడు కూడా నాకంత భయం వెయ్యలేదు.

"కాలేజీలో," అన్నాను.

పిన్ని గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.