ఇప్పచెట్టు కింద చీర

ఛత్తీస్‌గఢ్ సరిహద్దులోని తర్లగూడలో నేను అద్దెకున్న ఇంటి ఓనరు సెల్‌ఫోన్‌తో రైతుల కోసం వీడియోలు తీసేవాడు. తెలుగులో చెబితే హిందీవాళ్లకు, హిందీలో చెబితే దోర్లీ మాట్లాడే ఆదివాసులకు అందదని ఆయన బెంగ. అందుకే ఏ వీడియో అయినా యూట్యూబ్‌లో పెట్టేముందు సౌండు తీసేసి పక్కింటి దోర్లీ అక్కకు చూపేవాడు.

"ఏం సమజయిందక్కా?"

ఆమె చెప్పగలిగితేనే పెట్టేవాడు, లేకపోతే మళ్లీ మొదటినుంచి. నాకదంతా వట్టి చాదస్తంలా ఉండేది.

ఒకసారి ఇప్పపువ్వు మీద తీశాడు. పువ్వు ఏరడానికి చెట్టుకింద ఆకులు కాల్చొద్దు, వల కట్టుకోండి అని. అక్క చివరిదాకా చూసి, వచ్చీరాని తెలుగులో, "సమజయింది. వల ఏడ తేవాలె?" అని లేచిపోయింది. ఆయన ముఖం చిన్నబోయింది.

మర్నాడు తెల్లారేసరికి అక్కవాళ్ల ఇప్పచెట్టు కింద, నాలుగు కర్రలకు పాత చీర కట్టి ఉంది. ఆయన నవ్వుకుంటూ తన వీడియో డిలీట్ చేసి, ఆ చీరనే షూట్ చేశాడు.

"వీడియోలో మీరూ ఏదన్నా మాట్లాడండి" అన్నాను. వద్దని చెయ్యి ఊపాడు.

అందులో ఆయన మాట ఒక్కటీ లేదు. చీర మీద టప్‌టప్‌మని పువ్వు రాలుతున్న చప్పుడే.

ఆ ఒక్కటి మాత్రం అక్కకు సౌండు పెట్టి చూపించాడు.