పైపులు చుట్టే యంత్రానికి నేనిచ్చిన సలహా

నేను ప్రొద్దుటూరు కోర్టులో భూమి కేసులు వాదిస్తాను. పేటెంటు చట్టాన్ని కాలేజీలో ఒక పేపరు కోసం చదివి, పరీక్ష అయిన సాయంత్రమే మరిచిపోయాను. ఆ సంగతి ఒప్పుకోవడానికి నామోషీ అడ్డొచ్చింది. జరిగినదంతా దానివల్లే.

జమ్మలమడుగులో వెల్డింగు షాపు పెట్టుకున్న ఒకాయన నన్ను అక్కా అని పిలిచేవాడు. కువైట్‌లో పనిచేసి తిరిగొచ్చిన మనిషి. పంట అయిపోయాక తోటలోని డ్రిప్పు పైపులు చుట్టడానికి కూలీలు దొరకడం లేదని, ట్రాక్టరుకు తగిలించే యంత్రం ఒకటి తయారుచేశాడు. అటువంటివి అంతకుముందూ ఉన్నాయి. కానీ పైపు ఏ రాయికో తగులుకుంటే ఇతని యంత్రంలో పైపు చుట్టుకునే చక్రం దానంతటదే వదులై జారేది, పైపు తెగేది కాదు. ఆ ఏర్పాటు ఇతని బుర్రలో పుట్టిందే.

"దీన్ని ఇంగొకడు కాపీ కొట్టకుండా ఏం జేయాలక్కా?" అని అడిగాడు.

"ముందు నలుగురికీ చూపించు భాయ్. నీదేనని అందరికీ తెలిస్తే అదే సాక్ష్యం. కాగితాలు తర్వాత చూద్దాం" అన్నాను.

భూమి విషయంలో అది మంచి సలహానే. అందరి కళ్ళముందు ఏళ్ళ తరబడి అనుభవిస్తే హక్కు బలపడుతుంది. అదే లెక్క ఇక్కడా వేశాను.

అతను లింగాల దగ్గర ఒక అరటితోటలో యంత్రం తిప్పి చూపించాడు. ఎవరో వీడియో తీసి, చక్రం లోపలి భాగాలతో సహా ఇంటర్నెట్‌లో పెట్టారు. కొన్ని నెలలకు పులివెందులలో ఒక షాపులో అదే యంత్రం కొత్త రంగుతో కనిపించింది. ఇద్దరం వెళ్ళి అడిగాం.

షాపాయన దాచలేదు. "నువ్వే గదప్పా చూపిచ్చినావు. చూసి చేసినాం. దాంట్లో తప్పేముంది?"

అప్పుడుగానీ నేను చెన్నైలోని ఒక పేటెంటు ఏజెంటుకు ఫోన్ చేయలేదు. దరఖాస్తు వేసే నాటికి ఆ వస్తువు లోకానికి తెలియనిదై ఉండాలట. కనిపెట్టినవాడే బయటపెట్టినా కొత్తదనం పోయినట్టేనట. కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన ప్రదర్శనలో చూపిస్తే ఏడాది వెసులుబాటు ఉందిగానీ, రైతు తోట ప్రదర్శన కిందికి రాదు. "వివరాలు పూర్తిగా కుదరకపోయినా తాత్కాలిక దరఖాస్తు ఒకటి ముందే వేసుంటే, మిగతాది రాసుకోవడానికి పన్నెండు నెలలు దొరికేది కదండీ" అన్నాడాయన. ఫోన్ పెట్టేశాక నా మీద నాకే ఒళ్ళు మండింది.

జమ్మలమడుగు వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. అతను అరవలేదు. చేతిలోని కడ్డీ పక్కన పెట్టి, "తెలీదని ఆ పొద్దే ఒక్క మాట జెప్పింటే, తెలిసినోళ్ళ దగ్గరికి పోయుందును గదక్కా" అన్నాడు.

ఆ వీడియో అప్పటికే బయటికొచ్చింది కాబట్టి ఈ యంత్రం మీద పులివెందుల షాపువాడికీ పేటెంటు రాదని, అతను తన యంత్రాలు నిశ్చింతగా చేసుకోవచ్చని చెప్పాను. చెబుతుంటే నాకే అది చప్పగా వినిపించింది. ఇప్పటికీ అతను చేస్తూనే ఉన్నాడు, కానీ షాపువాడివే ఎక్కువ అమ్ముడుపోతున్నాయి.

మొన్న కలిసినప్పుడు, "ఇంకేదైనా కొత్తది చేస్తే ఎవరికీ చూపించకముందే చెప్పు భాయ్, దరఖాస్తు వేయిద్దాం" అన్నాను.

"ఇంగొకటి చేస్తానే ఉండా లే. నీకు చూపియ్యాల్నా వద్దా అనేదే ఆలోచిస్తాండా" అన్నాడు, నవ్వకుండా.